తొలికుండ రాయి మీద మామిడి వాసన

మా ఊరి దేవతరాళ్ళ దగ్గర బల్లపరుపుగా ఒక బండ ఉంది. దాని నడుమ కుండ అడుగు సరిగ్గా కూర్చునేంత పల్లం. దాన్నెవరూ ఉలితో చెక్కలేదు. ఏటేటా కుండ పెట్టి, తిప్పి, నిలబెట్టడం వల్ల అలా అరిగిందని మా నాయనమ్మ చెప్పేది. దేవత పండగనాడు ఊళ్ళోని ప్రతి ఇంటి నుంచీ లందా కుండ వస్తుంది. చోళ్ళూ, అంటే రాగులూ, బియ్యమూ పులియబెట్టి చేసే పానీయం అది. కొంచెం పులుపు, కొంచెం మత్తు. ఆ కుండలన్నీ నేల మీదే పెడతారు. బండ మీద పెట్టేది మాత్రం ఒక్క కుండ. అది మా ఇంటిది. అందులోంచి మొదటి దోసెడు దేవతకి వంపాకే మిగతా కుండల మూతలు తీసేవారు. అందుకే దాన్ని తొలికుండ రాయి అంటారు.

నాయనమ్మ పోయాక మా ఇంట్లో కుండ పెట్టేవాళ్ళు లేకపోయారు. ఊరివాళ్ళు ఇంకొకరి కుండని ఆ రాయి మీద పెట్టలేదు. మమ్మల్ని పెట్టమనీ అడగలేదు. ఆ పల్లంలో దోసెడు సెలయేటి నీళ్ళు పోసి పండగ నడిపిస్తూ వచ్చారు. అది మా మీద గౌరవమో, దెప్పిపొడుపో నాకు తెలియలేదు. ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆ రాయి పక్కనుంచే నడవాలి. తల తిప్పకుండా నడిచేవాణ్ణి.

మాది ముఠాదార్ల వంశం. కొండల్లో కొన్ని ఊళ్ళ శిస్తూ, తగాదాలూ, కట్టుబాట్లూ ఒకప్పుడు మా అరుగు మీద తేలేవి. ఆ అధికారం పోయింది, భూములు పోయాయి, చివరికి అరుగు కూడా పోయింది. ఎలా పోయాయన్నది ఇక్కడ రాయను. పోగొట్టుకున్నవాడు దాని గురించి ఎక్కువ మాట్లాడకూడదన్నది మా ఇంటి అలవాటు. ఆ అలవాటు ఒక్కటే నాకు ఆస్తిగా దక్కింది.

మా ఇంటి లందాకి ఒక గుర్తు ఉండేది. పెరట్లో పంపరపనస చెట్టు ఉండేది. నాయనమ్మ ఆ కాయల తొక్క పలచగా ఒలిచి, నీడన ఆరబెట్టి, గుడ్డలో మూటకట్టి అటక మీద దాచేది. కుండ పులిసి, పొంగు అణిగాక, పండగ ముందు రోజు ఆ తొక్క గుప్పెడు వేసి, అడ్డాకు మూత పెట్టి కట్టేది. ముందే వేస్తే ఏమవుతుందని అడిగితే, "పొంగుతోటే పోతాది వాసన. సేదే మిగుల్తాది" అనేది. మర్నాడు ఆ మూత విప్పినప్పుడు వచ్చే పరిమళం నాకు ఈనాటికీ గుర్తే. పుల్లగా, పచ్చిగా, ముక్కు వెనక కొంచెం చేదుగా ఉండేది.

తర్వాత నేను కొండ దిగి, మైదానంలో ఒక పెద్ద బీరు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరాను. ముఠాదారు మనవడు బీరు కాస్తున్నాడట అని బంధువులు నవ్వారు. నవ్వనిచ్చాను. బీరులో చేదూ పరిమళమూ హాప్స్ అనే తీగ పువ్వు నుంచి వస్తాయి. అది మనకు పువ్వుగా రాదు. ఎండబెట్టి, పొడిచేసి, చిన్న ఆకుపచ్చ గుళికలుగా నొక్కి పొట్లాల్లో పంపుతారు. మరిగే బార్లీ రసంలో ముందే వేస్తే చేదు దిగుతుంది, పరిమళం ఆవిరైపోతుంది. పరిమళం కావాలంటే చివర్లో వెయ్యాలి, లేదా పులిసి చల్లబడ్డాక వెయ్యాలి. ఈ సంగతి నాకు నేర్పుతున్నప్పుడు నేను తల ఊపుతూ ఉన్నాను గాని, నాకు అడ్డాకు మూత కనబడుతూ ఉంది.

ఒకరోజు నమూనాగా వచ్చిన పొట్లం విప్పి, గుళికలు అరచేతిలో నలిపి వాసన చూశాను. దాని పేరు క్యాస్కేడ్. కిటికీ అవతల లారీల హారన్లు మోగుతున్నాయి. నా చేతిలో మా పెరటి పంపరపనస తొక్క ఉంది. ఫ్యాక్టరీ ఆ రకాన్ని కొనలేదు. అక్కడి బీరుకి పరిమళంతో పని లేదు, చల్లగా ఉంటే చాలు. నేను మాత్రం చెయ్యి కడుక్కోకుండా బసకి వెళ్ళాను.

ఉద్యోగం ముగిశాక అరకులో స్థిరపడ్డాను. మైదానం నుంచి వచ్చిన ఒక వ్యాపారి అక్కడ హోటలు కట్టి, లైసెన్సు తెచ్చుకుని, పక్కనే చిన్న బీరుగది పెట్టాడు. కాచడానికి మనిషి కావాలని వచ్చి నన్ను అడిగాడు. నేను దరఖాస్తు పెట్టుకోలేదు, ఆయనే వచ్చాడు. ఈ తేడా ఆయన మరిచిపోయి ఉండవచ్చు. నేను మరవలేదు. నా షరతు ఒకటే. ఏ బీరులో ఏ హాప్స్ వెయ్యాలో నేను నిర్ణయిస్తాను. ఆయన ఒప్పుకున్నాడు. మొదటి బీరు క్యాస్కేడ్‌తో కాచాను.

ఆ బీరు ఒక సీసాలో నింపుకుని ఊరికి వెళ్ళాను. మా పెదనాన్న కోడలు, నాకు వదిన, ఊళ్ళోనే ఉండిపోయిన మనిషి. అన్నయ్య పోయినా కాఫీ తోటా, చోడి పోడూ ఆవిడే చూసుకుంటోంది. నన్ను ఆటపట్టించే హక్కు ఈ భూమి మీద ఆవిడ ఒక్కదానికే ఉంది. ఆ హక్కుని ఆవిడ ఎన్నడూ వృథా చెయ్యలేదు.

"ఏటి మరిదీ, సీసా తెచ్చినావు? గేదెకి జబ్బు సేసిందని ఎవులు సెప్పినారు నీకు?"

"నీకోసమే. తాగి చెప్పు."

ఆవిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. తాగలేదు. మళ్ళీ వాసన చూసింది.

"ఇది మీ నాయనమ్మ కుండ గదేటి!" అంది. తర్వాత తాగింది. "దేంతోటి సేసినావు?"

జేబులో ఉన్న గుళికలు చూపించాను. వేలితో కెలికింది.

"కోళ్ళదాణా నాగుంది. ఎక్కడిది?"

"అమెరికాది."

"సంతలో పంపరపనస కాయలు కుప్పలు పోసి అమ్ముతన్నారు. ఆటి తొక్క ఎయ్యనేవా?"

"సంతలో కొన్న కాయతో మా ఇంటి వాసన తెమ్మంటావా?"

"ఓలమ్మ! సంతకాయ పనికిరాదంట, అమెరికా దాణా పనికొచ్చిందంట! దొరల రోషానికి దండం పెట్టాల."

కాని ఆవిడ ఆ సీసాని ఊరికే వదల్లేదు. మిగిలింది తీసుకెళ్ళి దిసారి చేతిలో పెట్టింది. దిసారి అంటే మా కొండల్లో మంచిరోజులు చూసి పూజ జరిపించే పెద్ద. మా దిసారి నాకంటే చిన్నవాడు, మాట కరుకు. అతను ఆకుదొప్పలో పోసుకుని తాగి అన్నాడట: "వాసనైతే ఆ ఇంటిదే. దేవత పండక్కి తెమ్మను. రాయి మీద పెట్టిద్దాం."

వదిన ఈ కబురు చెప్పినప్పుడు నేను సరే అని మాత్రం అన్నాను. దారిలో ఆ రాయి దగ్గర ఆగాను. పల్లంలో ఎండుటాకులు ఉంటే తీసేశాను. నాయనమ్మ తర్వాత మా ఇంటి చెయ్యి దాని మీద పడటం అదే మొదలు. ఇక నాకు కావలసింది ఆ రాయి మీద మా కుండ నిలబడటం ఒక్కటే. ఈ వయసులో ఇంకేదీ అడగదలచుకోలేదు.

పండగ దగ్గర పడుతుండగా క్యాస్కేడ్ దొరకలేదు. సరుకు పంపేవాడు కొత్త పంట వచ్చేదాకా ఆగమన్నాడు. పండగ ఆగదు. బదులు రకం వెతకాలి.

ఒక హాప్స్‌కి బదులు ఇంకొకటి వెయ్యడం పుస్తకంలో తేలిక. ఇది లేకపోతే అది అని రాసి ఉంటుంది. చేతిలోకి వచ్చేసరికి అలా ఉండదు. ఒకే రకం పువ్వు ఒక తోటలో ముందు కోస్తే నిమ్మ వాసన, ఆలస్యంగా కోస్తే పండు వాసన వేస్తుంది. చేదు సరిపోతే పరిమళం సరిపోదు. రెండూ సరిపోతే పొట్లం పాతదై ఉంటుంది. నాకు దొరికిన పొట్లాలు బల్ల మీద పరిచాను. సెంటెనియల్‌ని క్యాస్కేడ్‌కి అన్న అంటారు. నిమ్మ వాసన, పువ్వు వాసన ఉన్నాయి గాని, చేదెక్కువ, మనిషి కొంచెం కోపిష్ఠి. అమరిల్లో కమలాపండు వాసన వెయ్యాలి, నిజానికి అదే దగ్గర చుట్టం. కాని నా పొట్లం ఎక్కడో వేడికి పడి ఉండి, నలిపితే చెమట పట్టిన మేజోళ్ళ కంపు కొట్టింది. అవతల పెట్టాను. మూడోది సిట్రా. నలిపితే ముందు నిమ్మతొక్క, తర్వాత పంపరపనస తొక్క, ఎక్కడో వెనక ఒక తీయటి పండు. ఆ పండేమిటో ఆ చలిలో నా ముక్కుకి అందలేదు.

వేణ్ణీళ్ళలో నానబెట్టి టీలా చేసుకుని చూశాను. సెంటెనియల్‌ని మరుగు చివర కొద్దిగా వేసి, పులిశాక చల్లటి బీరులో సిట్రా వెయ్యాలని నిర్ణయించాను. ఆలోచించే చేశాను. ఇప్పుడు మళ్ళీ ఎంచుకోమన్నా, ఆ బల్ల మీద ఉన్నవాటిలోంచి అవే ఎంచుకుంటాను.

పీపా తెరిచి మొదటి గ్లాసు వంపినప్పుడు గదంతా మామిడి వాసన. బజారులో బుట్టల్లో పెట్టి అమ్మే కాయ కాదు. మా కొండమామిడి, చిన్నది, పీచుది, కొరికితే మోచేతి దాకా కారేది. పంపరపనస ఎక్కడో అడుగున ఉంది. హోటలు యజమాని పరుగున వచ్చాడు.

"అదిరిపోయిందండీ గురువుగారూ! బోర్డు మీద మ్యాంగో బీర్ అని రాయించేస్తానండీ."

"అందులో మామిడి లేదండీ."

"వాసనుంది కదండీ! టూరిస్టులు చెట్టెక్కి చూస్తారేంటండీ?"

నేను కోరిన వాసన రాలేదన్న బాధ ఒక్కటే నాది. మళ్ళీ కాచడానికి వ్యవధి లేదు. బీరు మాత్రం మంచి బీరు, చేతకాని పని కాదు. ఆ ధీమాతోనే ఒక పీపా జీపులో వేయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పండక్కి వెళ్ళాను. ఇంకో మాట నాకు తట్టనే లేదు. మైదానంలో అన్నేళ్ళు ఉన్నవాడికి మామిడికాయ తినడానికి పండగ అక్కర్లేదు. వీధిలోకి బండి వస్తే చాలు.

దేవతరాళ్ళ దగ్గర ఊరంతా ఉంది. మామిడిచెట్లకి పిందెలు గోళీల్లా వేలాడుతున్నాయి. రాయి మీద పెట్టే ముందు దిసారి చూడాలి గనక, ఒక దొప్పలో వంపి అతనికిచ్చాను. అతను నోటిదాకా తీసుకెళ్ళి, దొప్ప దించేశాడు.

"దొరా, మామిడి ఏసినావా?"

"లేదు. ముక్క కూడా లేదు."

"మరి మామిడి వాసన ఎలగొత్తంది?"

"ముందు వేసిన రకం దొరకలేదు. ఇది ఇంకో రకం హాప్స్. ఒక్కో రకం పువ్వులో ఒక్కో నూనె ఉంటుంది. దీని నూనె వాసన అలా ఉంటుంది."

వెనక నుంచి ఒక ముసలాయన, "పిల్లి లేదంట, మ్యావన్నాదంట!" అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. దిసారి నవ్వలేదు.

"మామిడి కొత్త ఇంకా అవ్వలేదు" అన్నాడు.

కొత్త అంటే ఏ పంటనైనా ముందు దేవతకి పెట్టి, తర్వాత ఊరు తినే పండగ. మామిడి కొత్త అయ్యేదాకా మా కొండల్లో చెట్టుకింద రాలిన కాయనైనా నోట్లో పెట్టరు. చంటిపిల్ల ఏరుకుని నాకబోతే తల్లి చేతిలోంచి లాక్కుంటుంది.

"కాయ తినకూడదు. ఇది కాయ కాదు కదా" అన్నాను.

"నోటితోటి తిన్నా ముక్కుతోటి తిన్నా తిన్నట్టే దొరా. పైగా దీన్ని అమ్మకి పొయ్యమంటన్నావు. కొత్త సెయ్యకండానే మామిడెలా తెచ్చినార్రా అని అమ్మ అడిగితే ఏటి సెప్పను? అమెరికా నూనె తల్లీ అని సెప్పనా?"

అందరూ నా వైపు చూస్తున్నారు. నా వీపు ఇంకా నిటారైంది.

"కొత్త సంగతి మా ఇంటివాళ్ళకి నువ్వు చెప్పనక్కర్లేదు" అన్నాను.

దానికి జవాబు దిసారి చెప్పలేదు. వదిన చెప్పింది.

"సెప్పాలి మరిదీ. కొత్తకి ముందు కాయ కోసినోడికి మీ తాత తప్పు ఏసినాడు, మీ అరుగు మీదే. నా కళ్ళతో సూసినాను. ఆ అరుగు ఉండుంటే ఇవాళ నీకే పడును తప్పు."

పీపా మూత బిగించాను. దిసారి ఎప్పటిలాగే పల్లంలో దోసెడు నీళ్ళు పోశాడు. నేను జీపు ఎక్కబోతుంటే వదిన వచ్చింది.

"పారబొయ్యకు. కొత్తనాడు తే."

"అప్పటికి ఈ వాసన ఉండదు వదినా. ఈ పరిమళం తాజాగా ఉన్నప్పుడే. నిలవుంటే పోతుంది."

"ఉన్నకాడికి తే. మేవేటి, ఉన్నకాడికి నిన్ను రానివ్వటం నేదేటి?"

మిగతా బీరు మ్యాంగో బీరు పేరుతో హోటల్లో అయిపోయింది. ఆ ఒక్క పీపా చల్లగదిలో గోడవారగా పెట్టి తియ్యొద్దన్నాను. యజమాని రెండు మూడుసార్లు గొణిగాడు. "పరిమళం పోకముందే అమ్మేయాలని మీరే చెప్పారు కదండీ?" "చెప్పాను. అయినా ఉంచండి" అన్నాను.

ఆ రోజుల్లో పీపాల మధ్య తిరుగుతుంటే నాకు ఒక పండగ గుర్తొచ్చింది. నేను అప్పటికి చిన్నవాణ్ణి. ఆ ఏడు మా పంపరపనస చెట్టు కాయలేదు. నాయనమ్మ ఎక్కణ్ణుంచో కమలా తొక్క తెప్పించి కుండలో వేసింది. పండగనాడు కుండ రాయి మీద పెట్టే ముందు, మూత మీద చెయ్యి ఉంచి, ఊరందరికీ వినబడేలా చెప్పింది: "ఈ ఏడు మా సెట్టు కాయనేదు. కమలా తొక్క ఏసినాను. ఒప్పితే తాగండి, ఒప్పకపోతే ఇంటికి మోసుకుపోతాను." ముఠాదారు భార్య ఊరిని అలా అడగడం నాకు నామోషీగా తోచింది. ఇంటికి వచ్చి ఎందుకు చెప్పావని కోపగించుకున్నాను. కుండ మనది, నోరు వాళ్ళది అంది. ఆ మాట నాకు అప్పుడు తలకెక్కలేదు. మర్యాద అంటే ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఉండటమని అనుకుంటూ పెద్దవాణ్ణయ్యాను.

మామిడి కొత్తకి వెళ్ళాను. కాయలు కోసి దేవతకి పెట్టారు. బియ్యంతో కలిపి వండారు. పిల్లల మూతులకి అప్పుడే టెంకలు అంటుకున్నాయి. నేను పీపా దింపించి, రాయి పక్కన నిలబడ్డాను. ఎవరూ నన్ను మాట్లాడమనలేదు. పీపా మూత మీద చెయ్యి పెట్టి గొంతు సవరించుకున్నాను.

"ముందు దిసారి తాగి చూసింది మా ఇంటి వాసన ఉన్న రకం. అది దొరకలేదు. దానికి బదులు వేరే రకం వేశాను. మీకు చెప్పకుండా వేశాను. ఇది కాచి చాలా రోజులైంది, వాసన తగ్గి ఉంటుంది. మామిడికాయ లేదు. ఒప్పితే తాగండి. ఒప్పకపోతే తీసుకుపోతాను."

అంత పొడుగు మాట మా ఊళ్ళో నేను ఎన్నడూ మాట్లాడలేదు. దిసారి నన్ను కాదు, రాయిని చూస్తూ అన్నాడు: "అమ్మకి కొత్త అయిపోనాది. ఇప్పుడు ఏ వాసనైతేనేటి? పెట్టు."

ఇద్దరం పట్టి పీపా రాయి మీద పెట్టాం. ఆ పల్లం గుండ్రటి కుండ అడుగుకి అరిగింది. ఉక్కు పీపా అడుగు బల్లపరుపు. అది నిలబడలేదు. ఇటు పట్టుకుంటే అటు ఒరిగింది. జనం నవ్వుతున్నారు. నేను పీపాని రెండు చేతులా పట్టుకుని, వంగి, అలాగే ఉండిపోయాను. వదిన తన లందా కుండ కింది గడ్డి కుదురు లాగి తెచ్చింది.

"ఎత్తు మరిదీ. బేగి ఎత్తు, నా కుండ దొర్లిపోతాది."

ఎత్తాను. కుదురు కింద సర్దింది. పీపా నిలబడింది.

మొదటి దోసెడు దిసారి చేతుల్లోకి వంపాను. దేవతకి పోశాడు. తర్వాత అతను దొప్పలో పట్టుకుని వాసన చూశాడు, తాగాడు, మళ్ళీ వాసన చూశాడు.

"మామిడేదీ?"

"వెళ్ళిపోయింది. అది నిలవదని చెప్పాను కదా."

వెనక ముసలాయన ఊరుకోలేదు. "రావద్దన్నప్పుడు ముందొచ్చీసింది, రమ్మన్నప్పుడు ఎళ్ళిపోయింది. దొరలింటి సుట్టమేనేటిది?"

ఈసారి దిసారి కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. పెద్దగా కాదు.

దొప్పలు చేతులు మారాయి. నేను కూడా ఒకటి తీసుకున్నాను. మామిడి నిజంగానే పోయింది. మళ్ళీ వెతికితే ఎక్కడో పండిన పండు ఉండి వెళ్ళిన జాడ. పరిమళం పోయినా చేదు పోదు. అది ముందే మరిగి దిగిపోయి ఉంటుంది. నాలుక చివర ఆ చేదు మిగిలి, దాని వెనక, చాలా పలచగా, పంపరపనస తొక్క. లేక అది నా కోరికే కావచ్చు. వదినని అడగలేదు. ఆవిడే అంది:

"కుండ అడుక్కెళ్తే మీ నాయనమ్మదీ ఇలగే ఉండీది. సేదు."

పొద్దు వాలేసరికి పీపా ఖాళీ అయింది. జీపులో వేయించాను. వదిన కుదురు ఇంకా రాయి మీదే ఉంది, తడిసి, ఒక పక్కకి నొక్కుకుపోయి. తీసి ఆవిడకి ఇవ్వబోయాను.

"ఒగ్గీ, అక్కడే ఉండనీ. వచ్చే ఏడు మళ్ళీ ఎవులెతుకుతారు?" అంది. "ఏ దాణా ఏసినా ముందు సెప్పి మరీ తే."

కుదురు మళ్ళీ పల్లంలో పెట్టి, సరిగ్గా కూర్చుందో లేదో చేత్తో నొక్కి చూసి, బయల్దేరాను.